ఉద్యోగ భయం: సుబ్బయ్యను మళ్లీ చదువుతూ

మా బడిలో ఒక లెక్కల మాస్టారు ఉన్నారు. పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఆయన పాఠం చెబుతుంటే పక్క గదిలో నేను చెప్పే పద్యం పిల్లల చెవికెక్కేది కాదు, అంత గట్టి గొంతు. రెండేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో అందరం భోజనాలు చేస్తున్నాం. ఆయన జేబులో ఫోను మోగింది. మోగిందనడం కూడా ఎక్కువే, సందేశం వచ్చినప్పుడు వినిపించే చిన్న చప్పుడు. ఆయన చేతిలోని ముద్దను కేరేజీ మూతలో పెట్టేసి లేచి నిలబడ్డారు. ఎదురుగా అధికారి వస్తే లేచినట్టు లేచారు. తీరా చూస్తే అది గ్యాసు సిలిండరు సందేశం. మేమంతా నవ్వాం. నేను తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి కనుక ఒక అడుగు ముందుకు వేసి, "మరీ అల్పజీవిలో సుబ్బయ్యలా తయారవుతున్నారేమిటి మాస్టారూ" అన్నాను. ఆయనా నవ్వారు. అంతటితో ఆ సంగతి మరచిపోయాను.

నాలుగు నెలల తర్వాత ఆయన బడికి రావడం మానేశారు. ఇంట్లో బడికి వెళుతున్నానని చెప్పి, కేరేజీ పట్టుకుని బయలుదేరి, రెండు రోజులు బస్టాండులో బెంచీ మీద కూర్చున్నారని తర్వాత తెలిసింది. అర్ధ సంవత్సరంగా రాత్రికి రెండు మూడు గంటలకు మించి నిద్ర లేదనీ, బడి గేటు కనిపించేసరికి కడుపులో తిప్పేదనీ ఆయన భార్య చెప్పారు. పక్క కుర్చీలో రోజుకు ఏడు గంటలు కూర్చున్న నాకు ఇవేవీ తెలియవు. నాకు తెలిసిందల్లా ఒక పోలిక.

ఆ పోలిక ఎక్కడ తప్పిందో తెలుసుకుందామని అల్పజీవిని మళ్లీ చదివాను. దానితోపాటు మరి రెండు కథలూ, ఉద్యోగానికీ మనసుకూ గల సంబంధం మీద శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలనలు కొన్నీ చదివాను. వాటిని పాఠకుల ముందు పెట్టడానికే ఈ వ్యాసం. విమర్శ పత్రికలో వైద్యం మాటలేమిటని ఎవరికైనా అనిపిస్తే, నవలల్లో గుమాస్తాలు ఎందుకు భయపడతారో చెప్పలేని విమర్శ మనకెందుకని నేను తిరిగి అడుగుతాను.

రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' 1950లలో వచ్చిన నవల. సుబ్బయ్య ఒక ఆఫీసులో గుమాస్తా, పుట్టుభయస్తుడు. గవరయ్య అనే కాంట్రాక్టరు దగ్గర డబ్బు తీసుకుంటాడు. తీసుకున్న క్షణం నుంచీ ఆఫీసు, వీధి, ఇల్లు అన్నీ అతనికి భయస్థానాలవుతాయి. చైతన్య స్రవంతి పద్ధతిలో అతని తలలోని ఆలోచనలన్నీ మనకు వినిపిస్తాయి. ఈ నవలను మనం చాలాకాలంగా ఆత్మన్యూనతకు ఉదాహరణగా పాఠం చెబుతున్నాం. ఆత్మన్యూనత అనేసరికి లోపం సుబ్బయ్యదైపోతుంది. అతనికి కాస్త ధైర్యం ఉంటే సరిపోయేదన్న అర్థం వస్తుంది. క్లాసులో నేనూ అలాగే చెప్పాను, స్టాఫ్‌రూంలోనూ ఆ అర్థంతోనే అన్నాను. కాని రచయిత అతన్ని అలా ఒంటరిగా వదలలేదు. వృత్తిరీత్యా న్యాయవాది అయిన రావిశాస్త్రికి భయపడే మనుషులూ తెలుసు, భయపెట్టే మనుషులూ తెలుసు. సుబ్బయ్య భయానికి ఒక కుర్చీ ఉంది, ఆ కుర్చీ వెనక ఒక ఫైలు ఉంది, ఆ ఫైలు మీద గవరయ్య కన్ను ఉంది. అప్పు ఇచ్చినవాడు అడగకముందే అప్పు తీసుకున్నవాడికి లోపల నుంచి వినిపిస్తూ ఉంటుంది. ఇవన్నీ తీసేసి ఆత్మన్యూనత ఒక్కటే మిగల్చడం మన చదువులోని లోపం.

కాఫ్కా 'రూపాంతరం' కథ 1915లో అచ్చయింది. గ్రెగర్ సంసా ఒక ఉదయం లేచేసరికి పెద్ద పురుగుగా మారి ఉంటాడు. ఈ కథ పేరెత్తగానే మనవాళ్లు పురుగు దగ్గరే ఆగిపోతారు. నాకు ఆశ్చర్యం కలిగించింది వేరే విషయం. పురుగైపోయిన మనిషి మొదట దేని గురించి దిగులుపడతాడు? అయిదు గంటల రైలు తప్పిపోయిందని. కంపెనీకి ఏం చెప్పాలా అని. జబ్బని చెబుదామంటే అయిదేళ్ల ఉద్యోగంలో ఒక్కసారి కూడా జబ్బు పడలేదు, అనుమానిస్తారేమో. బీమా డాక్టరును తీసుకొస్తారేమో; ఆయన లెక్క ప్రకారం లోకంలో అందరూ ఆరోగ్యవంతులే, కాకపోతే పని దొంగలు. ఈలోగా ఏడు దాటగానే కంపెనీ పెద్ద గుమాస్తా ఇంటికే వచ్చేస్తాడు. అతను ఉద్యోగం ఎందుకు మానడో కూడా కాఫ్కా చెప్పాడు. తల్లిదండ్రులు యజమానికి బాకీ ఉన్నారు. అది తీరడానికి ఇంకా అయిదారేళ్లు పడుతుంది, తీరిన రోజున రాజీనామా. అంతవరకూ సహించాలి. కాఫ్కా ఈ సంగతులు ఊహించి రాయలేదు. ఆయన మొదట ఒక బీమా కంపెనీలో చేరి, పొద్దస్తమానం పని భరించలేక ఏడాది తిరగకుండానే మానేసి, 1908లో ప్రాగ్‌లోని కార్మిక ప్రమాద బీమా సంస్థలో చేరాడు. అక్కడ మధ్యాహ్నం రెండింటికి పని ముగిసేది. చిత్రిక యంత్రాల్లో కార్మికుల వేళ్లు తెగకుండా ఏం చెయ్యాలో నివేదికలు రాసిన ఉద్యోగి ఆయన.

మూడోది చెకోవ్ 'గుమాస్తా మరణం', 1883 నాటిది. చెకోవ్ అప్పటికి ఇంకా వైద్య విద్యార్థి. చెర్వ్యకోవ్ అనే చిన్న గుమాస్తా నాటకశాలలో తుమ్ముతాడు. తుంపరలు ముందు వరుసలో ఉన్న జనరల్ బట్టతల మీద పడతాయి. క్షమాపణ చెబుతాడు. ఫరవాలేదంటాడు జనరల్. మళ్లీ చెబుతాడు. మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్లి చెబుతాడు, ఆ మర్నాడు మళ్లీ వెళతాడు. చివరకు జనరల్ కోపంతో అరిచి బయటకు పొమ్మంటాడు. చెర్వ్యకోవ్ ఇంటికి వచ్చి, ఉద్యోగపు దుస్తులు విప్పకుండానే సోఫా మీద పడుకుని చచ్చిపోతాడు. ఈ కథ చదివి నవ్వనివారుండరు. కాని ఒక చిన్న వివరం చూడండి. ఆ జనరల్ చెర్వ్యకోవ్ పనిచేసే శాఖవాడు కాడు. అతన్ని ఏమీ చెయ్యలేడు. పైగా క్షమించేశాడు కూడా. అప్పు లేదు, మెమో లేదు, అయినా మనిషి చచ్చిపోయాడు. అంటే భయం కొంతకాలం బయటి నుంచి వచ్చాక, బయటి కారణం అక్కర్లేకుండా లోపలే బతకడం నేర్చుకుంటుంది. గ్యాసు సిలిండరు సందేశానికి లేచి నిలబడడం ఇదే. ఇంకొక వివరం కూడా ఉంది. చెర్వ్యకోవ్ తన బాధ భార్యకు చెప్పుకున్నాడు. ఆమె మొదట కంగారుపడి, వేరే శాఖవాడని తెలిసి తేలికపడి, అయినా వెళ్లి క్షమాపణ చెప్పి రమ్మంది. వినేవాళ్లు లేకపోలేదు. విన్నవాళ్లకు అర్థం కాలేదు.

* * *

ఇక శాస్త్రం సంగతికి వద్దాం. ఒత్తిడి అనేది కేవలం ఊహ కాదని వైద్యులు చాలాకాలం నుంచి చెబుతున్నారు. హాన్స్ సెల్యే 1936లో మొదటి పరిశీలన ప్రచురించాడు. పొలంలో ఎద్దు తాడు తెంచుకుని మీదికి వస్తే గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ ఆగుతుంది. పారిపోవడానికో తిరగబడడానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. ఎద్దు పోయాక శరీరం మామూలవుతుంది. కాని ఉద్యోగపు ఎద్దు పోదు. పారిపోవడానికి వీల్లేదు, తిరగబడడానికీ వీల్లేదు. శరీరం మాత్రం నెలల తరబడి ఆ ఏర్పాటులోనే ఉంటుంది. నిద్ర పోవడం, కడుపులో మంట, మెడ పట్టెయ్యడం, రక్తపోటు, చీటికిమాటికి పిల్లల మీద విసుక్కోవడం అన్నీ దాని వెంట వచ్చేవే.

ఎవరికి ఎక్కువ ఒత్తిడి అన్న ప్రశ్నకు లోకంలో ఒక జవాబు స్థిరపడి ఉంది: బాధ్యత మోసే పెద్ద అధికారికి. ఆ జవాబు తప్పని ఇంగ్లండులో జరిగిన వైట్‌హాల్ పరిశీలన తేల్చింది. 1967లో మొదలుపెట్టి 17,500 మందికి పైగా ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు. అందరూ ఒకే ప్రభుత్వపు ఉద్యోగులు, అందరికీ జీతం, పింఛను, వైద్యం ఉన్నాయి. అయినా అట్టడుగు తరగతిలోని బంట్రోతులు, ద్వారపాలకుల మరణాల రేటు పైతరగతి అధికారుల రేటుకు సుమారు మూడు రెట్లు ఉంది. పొగతాగడం, రక్తపోటు వంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో చాలా భాగం మిగిలిపోయింది. 1985లో ఆడవాళ్లను కూడా కలిపి రెండో పరిశీలన మొదలుపెట్టారు. తన పని మీద తనకు అదుపు లేకపోవడానికీ గుండెజబ్బుకూ సంబంధం ఉందని అందులో బయటపడింది.

1979లో రాబర్ట్ కరాసెక్ అనే అమెరికన్ ఇదే సంగతిని మరొక దారిలో చెప్పాడు. పని ఎక్కువ కావడం ఒక్కటే మనిషిని దెబ్బతీయదు. పని ఎక్కువై, దాన్ని ఎలా చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో నిర్ణయించుకునే వీలు లేనప్పుడే దెబ్బ. పని ఎక్కువై, వీలు కూడా ఉంటే మనిషి దాని నుంచి నేర్చుకుంటాడు. తర్వాత వచ్చిన వారు దీనికి మూడో అంశం కలిపారు: తోటివాళ్ల ఆసరా.

ఈ మూడు అంశాలతో మా లెక్కల మాస్టారి సంవత్సరాన్ని చూశాను. ఇద్దరు రిటైరయ్యారు, పోస్టులు నిండలేదు. ఆరు నుంచి పది దాకా లెక్కలన్నీ ఆయనవే. దాని గురించి ఆయన ఎన్నడూ గొణగలేదు. లెక్కలు చెప్పడం ఆయనకు ఇష్టం. ఆపైన మధ్యాహ్న భోజనం లెక్కలు, వాటి ఫోటోలు, ముఖ హాజరు పట్టని పిల్లల వివరాలు, పగటిపూట సర్వరు పనిచెయ్యదు కనుక రాత్రి పదకొండింటికి నింపే పట్టికలు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆయన చేతిలో లేదు. సాయంత్రం ఆరింటికి వచ్చిన ఆదేశానికి గడువు అదే రోజు సాయంత్రం అయిదు! ఇది హాస్యానికి అనడం లేదు, మేమంతా కళ్లారా చూసిందే. దీనికితోడు టెలికాన్ఫరెన్సులో పదో తరగతి ఫలితాల మీద అందరూ వింటుండగా బడి పేరూ, సబ్జెక్టు పేరూ చదివి నిలదీశారు. ఇక మూడో అంశం, తోటివాళ్ల ఆసరా. ఆ సంగతి పైనే చెప్పాను.

మా సంగతి చిన్నది. ఇంటర్ కార్పొరేట్ కాలేజీల్లో పొద్దున్న స్టడీ అవరు నుంచి రాత్రి స్టడీ అవరు దాకా నిలబడి, ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరిగే లెక్చరర్లున్నారు. నా పాత విద్యార్థి ఒకడు మాధాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అమెరికా వాళ్లకు పగలైనప్పుడు మాట్లాడాలి కనుక అతనికి రాత్రి లేదు. "మానేస్తానని ఒక్కమాట అనలేను మాస్టారూ, ఫ్లాటు వాయిదా పందొమ్మిదేళ్లుంది" అన్నాడు. గ్రెగర్ సంసాకు అయిదారేళ్లే.

పని గంటల గురించి కూడా ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేయడం వల్ల 2016లో పక్షవాతంతోనూ గుండెజబ్బుతోనూ చనిపోయినవారు సుమారు 7,45,000 మంది. 35–40 గంటలు చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. జపాన్‌లో పనిచేసి పనిచేసి చచ్చిపోవడానికి 'కరోషి' అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. దాన్ని నివారించడానికి 2014లో చట్టం చేసుకోవలసి వచ్చింది. మన దేశంలో 1922 నాటి వలస ప్రభుత్వ చట్టం ఫ్యాక్టరీ కార్మికుడికి వారానికి 60 గంటలు పరిమితి పెట్టింది. 1934లో అది 54 అయింది, 1946లో 48 అయింది, 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్నే నిలబెట్టింది. ఒక్కొక్క గంట తగ్గడం వెనక ఎన్ని సమ్మెలున్నాయో పాఠకులకు చెప్పనవసరం లేదు. 2023లో ఒక సాఫ్ట్‌వేర్ ప్రముఖుడు యువకులు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నాడు. 2025 జనవరిలో ఒక నిర్మాణ సంస్థ అధిపతి 90 అన్నాడు. ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారని కూడా అడిగాడు. వీళ్లిద్దరికీ బ్రిటిషువాడి 1922 చట్టం కూడా మరీ మెతకగా కనిపించేదేమో! అదే 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజు పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచడానికి నిర్ణయించింది. తెలంగాణ వారపు 48 గంటలను ఉంచి, వ్యాపార సంస్థల్లో రోజుకు పది గంటలకు అనుమతించింది.

* * *

ఇంత జరుగుతుంటే మనకు అందించే మందు ఏమిటి? ఒత్తిడి నిర్వహణ తరగతి. మాకూ ఒకసారి పెట్టారు, అదీ ఆదివారం నాడు. వచ్చినాయన నీళ్ల గ్లాసు ఒకటి చాచిన చేత్తో పట్టుకుని, ఇది ఎంత బరువుంటుందని అడిగాడు. బరువు ముఖ్యం కాదట, ఎంతసేపు పట్టుకున్నామన్నదే ముఖ్యమట, కనుక గ్లాసు దించెయ్యాలట. వెనక బెంచీ నుంచి మా డ్రిల్లు మాస్టారు, "దించితే మెమో ఇస్తారండీ" అన్నాడు. తరగతి మొత్తం మీద పనికొచ్చిన మాట అదొక్కటే.

వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాలన్నిటి సారం కూడా ఆ గ్లాసే. తప్పు నీ ఆలోచనలో ఉంది, ఆలోచన మార్చుకో, గెలుస్తావు. గెలవనివాడికి ఉద్యోగపు బాధతోపాటు గెలవలేదన్న సిగ్గు కూడా మిగులుతుంది. బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగులను పరిశీలించి 2024లో ఒక పరిశోధన వెలువడింది. ఒత్తిడి తరగతులు, ధ్యానపు యాప్‌లు వంటి వాటిలో పాల్గొన్నవారు పాల్గొననివారికంటే మెరుగ్గా లేరని అందులో తేలింది. ఒకే సమయంలో అడిగి తెలుసుకున్న పరిశీలన కనుక దాన్నే తుదిమాటగా తీసుకోకూడదు. కాని పనిని మార్చకుండా మనిషిని మాత్రమే మరమ్మతు చేద్దామన్న ధీమా తగ్గడానికి అది చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022 మార్గదర్శకాల్లో పనిచేసేచోటి పరిస్థితులు మార్చడాన్నీ, పైఅధికారులకు శిక్షణ ఇవ్వడాన్నీ చేర్చింది. దిగులు, ఆందోళన జబ్బుల వల్ల ఏటా 1,200 కోట్ల పనిదినాలు నష్టమవుతున్నాయని కూడా లెక్క చెప్పింది. మనిషి నిద్రపోలేకపోవడాన్ని ఉత్పత్తి నష్టంగా చూపిస్తే తప్ప వినేవాడు లేడన్నది ఆ లెక్కలో దాగిన దుఃఖం.

ఇంతవరకూ మన పాఠకులు నాతో ఏకీభవిస్తారని తెలుసు. ఇక్కడ నుంచి కొందరు ఏకీభవించకపోవచ్చు. మనవైపు కూడా ఒక గ్లాసు ఉంది. పరాయీకరణ అనే మాటతో మనం అన్నీ వివరించేస్తాం. మార్క్స్ 1844 రాతల్లో చెప్పింది నిజమే: శ్రమ తనది కాకపోయాక మనిషి పనిలో తనను తాను పోగొట్టుకుంటాడు. కాని ఆ మాట తెలిసినవాడికి నిద్రపట్టదు, తెలియనివాడికీ పట్టదు. సమాజం మారితే ఈ జబ్బులుండవు అని బస్టాండు బెంచీ మీద కూర్చున్న మనిషితో అనడం, మంట ఆర్పకుండా విద్యుత్తు వైరింగు గురించి ఉపన్యసించడం లాంటిది. అంతకంటే అన్యాయం మరొకటి చేశాం. దిగులు గురించి రాసిన కవికి నిరాశావాది అన్నాం, భయం గురించి రాసినవాడికి పలాయనవాది అన్నాం. సంఘంలో చురుగ్గా పనిచేసినవాడు ఒక్కసారిగా సభలకు రావడం మానేస్తే నిబద్ధత తగ్గిందన్నాం. ఇంటికి వెళ్లి అన్నం తింటున్నావా అని అడిగినవాళ్లం ఎందరం?

'బర్నౌట్' అనే మాట పుట్టుక ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త దీని మీద రాశాడు. అతను పరిశీలించింది కంపెనీ గుమాస్తాలను కాదు. న్యూయార్కులో పేదలకూ మత్తుమందుల బాధితులకూ ఉచితంగా సేవచేసే క్లినిక్కులోని కార్యకర్తలను, వాళ్లతోపాటు పనిచేసిన తనను. పగలు సొంత వృత్తి, రాత్రి క్లినిక్కు. ఆదర్శం ఎంత బలంగా ఉంటే అంత తొందరగా కాలిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని వృత్తికి సంబంధించిన పరిస్థితిగా గుర్తించి, జబ్బుల జాబితాకు వెలుపలే ఉంచి, మూడు లక్షణాలు చెప్పింది. శక్తి ఉడిగిపోవడం, పనిమీద ఏవగింపు లేదా దూరం పెరగడం, చేసేది దండగ అన్న భావం. రెండోదాన్ని మనం త్వరగా పట్టుకోలేం. పిల్లల్ని ప్రేమించే టీచరు ఒకరోజు "వీళ్లు బాగుపడే రకం కాదు" అంటే అది అతని అభిప్రాయం అనుకుంటాం. అలసట అలా కూడా మాట్లాడుతుంది.

అలసట సెలవిస్తే తగ్గుతుంది. దిగులు జబ్బు వేరు. రెండు వారాలు దాటి మనసు పూర్తిగా కుంగిపోయి, ఇష్టమైనవి కూడా రుచించక, నిద్రా ఆకలీ పోయి, తాను ఎందుకూ పనికిరానన్న ఆలోచన వదలకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. చావు ఆలోచన వస్తే రెండు వారాలు ఆగనవసరం లేదు, ఆ రోజే వెళ్లాలి. మందు పనిచెయ్యడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి అంతకుమించి పడుతుంది. పనిచెయ్యలేదని మధ్యలో మానకూడదు, తగ్గిందని తనంతట తాను ఆపకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వ్యవస్థలో ఈ వైద్యం పొందడాన్ని హక్కుగా గుర్తించింది. బీమా విషయంలో శరీరపు జబ్బుతో సమానంగా చూడాలంది. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నెంబరు 14416కు ఏ వేళలోనైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోను చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఇవి తెలిసినా వెళ్లనివ్వని అడ్డంకి భాషలో ఉంది. హైదరాబాదులో 'ఎర్రగడ్డ' అనీ, విశాఖలో 'చినవాల్తేరు' అనీ ఊళ్ల పేర్లనే తిట్లు చేసుకున్నాం. భాష మా వృత్తి కనుక ఈ తిట్టు బడిలో వినిపించినప్పుడల్లా ఆపవలసింది తెలుగు టీచర్లమే. నేను ఆపడం మొదలుపెట్టి ఏడాది కాలేదు.

మా మాస్టారు అయిదు నెలలు వైద్యం చేయించుకుని తిరిగి వచ్చారు. ఆయన రాకముందే మేం ఆరుగురం కూర్చుని కొన్ని ఏర్పాట్లు అనుకున్నాం. భోజనం లెక్కలూ ఫోటోలూ నెలకొకరి వంతు. రాత్రి ఎనిమిది దాటాక వచ్చిన సందేశానికి ఎవరూ ఒంటరిగా జవాబివ్వరు, మర్నాడు ప్రార్థన అయ్యాక అందరి సంతకంతో ఒకే జవాబు వెళుతుంది. పని గంటల తర్వాత ఫోనుకు దూరంగా ఉండే హక్కు ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి చట్టంలో ఉంది. మాకు ఉన్నది ఆరు సంతకాలే. సంఘం తరఫున వినతిపత్రం ఇస్తే పోస్టులు నిండలేదు, ఒక్క సబ్జెక్టుకు మాత్రం వేరే బడి నుంచి వారానికి మూడు రోజులు ఒకరిని పంపారు. వంతుల ఏర్పాటు నాలుగు నెలలు బాగానే నడిచింది. పరీక్షల కాలంలో తప్పింది. మళ్లీ మొదలుపెట్టాం. ఒకరిద్దరు ఇప్పటికీ రాత్రే జవాబులిచ్చేస్తున్నారు, వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఒకరి భర్తకు ఉద్యోగం పోయింది, ఇంకొకరికి ఇంటి అప్పుంది. అప్పున్నవాడికి 'కాదు' అనడం ఎంత కష్టమో సుబ్బయ్య దగ్గరా గ్రెగర్ దగ్గరా చూశాం.

ఆయన మొదటిసారి పెట్టిన సెలవు చీటీ నేను చూశాను. కారణం దగ్గర 'నడుంనొప్పి' అని ఉంది. సర్టిఫికెట్టు కూడా ఎముకల డాక్టరుది సంపాదించారు. నిజం రాస్తే రేపు ప్రమోషనుకు అడ్డం వస్తుందని ఎవరో చెప్పారట. గ్రెగర్ సంసా భయపడిన బీమా డాక్టరు మాకూ ఉన్నాడన్నమాట. మొన్న డిసెంబరులో మళ్లీ కొంచెం నిద్ర తగ్గితే ఆయన ఆలస్యం చెయ్యకుండా పదిరోజులు సెలవు పెట్టారు. ఈసారి చీటీ రాసేటప్పుడు నన్ను పిలిచి, "'కుంగుబాటు'లో రెండు గలూ సున్నాలతోనే కదా మాస్టారూ?" అని అడిగారు. గ ఒక్కటే, సున్నా దాని ముందున్న 'కు' పక్కన అని చెప్పాను. రాసి, సైకియాట్రిస్టు ఇచ్చిన సర్టిఫికెట్టు జతచేసి, హెడ్మాస్టరు బల్లమీద పెట్టారు. హెడ్మాస్టరు ఒకసారి కళ్లజోడు సర్దుకుని చదివి, సంతకం పెట్టి, ఆయన తొమ్మిదో తరగతి పీరియడ్లు ఎవరు తీసుకుంటారని అడిగారు.